తెరవని డ్యాష్‌బోర్డు

మా రాయచోటి నుంచి డ్రైవరు పనికి సౌదీ పోయేవాళ్లు, విమానం ఎక్కే ముందు మా ఇంటికి వస్తారు. వచ్చి చాప మీద కూర్చుని, చాయ్ తాగుతూ ఒకటే అడుగుతారు. "ఖాదర్ భాయ్, నాలుగు మాటలు సెప్పు."

వాళ్లకు కావలసిన నాలుగు మాటలు ఏవో నాకు తెలుసు. అరబీ ఎట్లా నేర్చుకోవాలి, రౌండ్ దగ్గర ఎవరికి దారి ఇవ్వాలి, తిండి ఎవరిది, సెలవు ఎన్నేళ్లకు ఇస్తారు. ఇవన్నీ అక్కడికి పోయిన రెండు నెలల్లో ఎవరికైనా వచ్చేస్తాయి. నేను మొదట చెప్పే మాట వేరే ఉంది. బండి తాళం చేతికి వచ్చిన రోజే, ఇంజను స్టార్ట్ చేయక ముందే, డ్యాష్‌బోర్డు తెరిచి చూడండి. కఫీల్ పక్కనుండగానే తెరవండి. వీసా ఇచ్చి పిలిపించుకున్న యజమాని కదా, ఏమనుకుంటాడోనని మొహమాటపడొద్దు. ఆయన మొహం చిట్లిస్తే చిట్లించనీండి.

ఈ మాట వినగానే కొందరు నవ్వుతారు. ఇంత చిన్న సంగతి చెప్పడానికా ఇరవై ఆరేళ్లు అక్కడ పనిచేశావు అన్నట్టు చూస్తారు. ఆ ఇరవై ఆరేళ్లూ నేను సరిగ్గా దీనికి తలకిందుల మాట చెప్పాను. ఎందరికో చెప్పాను, గొప్పగా చెప్పాను. ఆ మాట నమ్మి ఒక మనిషి జైలుకు పోయాడు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన జీతాలు, నేను మార్చిన బండ్లు, గెలుచుకున్న మెప్పులు ఇందులో ఉండవు.

ఉనైజాలో నేర్చుకున్న పాఠం

నా మొదటి కొలువు ఉనైజాలో. ఖర్జూరం తోటల పెద్దాయన దగ్గర. తెల్లగడ్డం, మాట తక్కువ, కోపం ఎక్కువ. తోట నుంచి మార్కెట్టుకు, మార్కెట్టు నుంచి ఇంటికి ఆయన్ను తిప్పడం నా పని. చేరిన పది రోజులకు అద్దం తుడవడానికి గుడ్డ కనబడక డ్యాష్‌బోర్డు తెరిచాను. లోపల ఏవో మందులు, కొన్ని ఉత్తరాలు. అంతలో ఆయన వచ్చి చూశాడు.

తిట్టలేదు. తిడితే బాగుండేది. నన్ను దింపి, బండి చుట్టూ ఒకసారి నడిపించి, చేత్తో చూపిస్తూ చెప్పాడు. "ఈ బండి నా ఇల్లు. ఈ సీట్లు నా మజ్లిస్, అతిథులు కూర్చునే గది. ఆ డబ్బా నా పడకగది. పరాయి మనిషి పడకగదిలోకి నువ్వు పోతావా?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఉన్న తొమ్మిదేళ్లూ డ్యాష్‌బోర్డు వైపు నా చెయ్యి పోలేదు. పెద్దాయనకు నా మీద ఎంత నమ్మకం కుదిరిందంటే, ఇంటి ఆడవాళ్లను నాతో ఒంటరిగా రియాద్ దాకా పంపేవాడు. "ఖాదర్ కళ్లు రోడ్డు మీద తప్ప ఇంకెక్కడా ఉండవు" అని నలుగురిలో అనేవాడు. ఆ మాటను నేను పతకంలా గుండెకు తగిలించుకున్నాను. ఆయన పోయాక, ఆయన కొడుకులు రాసిచ్చిన మంచిమాట పట్టుకునే నాకు అభాలో పని దొరికింది.

మన డ్రైవర్లలో ఇది ఒక అలిఖిత పద్ధతి. కఫీల్ సామాను అమానత్, అంటే నమ్మి అప్పజెప్పిన సొత్తు. చూడకపోవడమే నిజాయితీ. ముట్టుకోకపోవడమే మర్యాద. ఈ పద్ధతి తప్పని నేను ఇప్పటికీ అనను. దానికి ఒక హద్దు ఉండాలని మాత్రం అంటాను. ఆ హద్దు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మలుపులో చప్పుడు

అభా కొండ మీది ఊరు. సౌదీ అంటే ఇసుకే అనుకుని పోయినవాడికి అక్కడి మంచు, చలి, వాన చూస్తే నోట మాట రాదు. నా కొత్త కఫీల్ పేరు అబూ సాలెం. వేసవిలో కొండల చల్లదనానికి వచ్చే కుటుంబాలకు ఫ్లాట్లు అద్దెకిచ్చే వ్యాపారం ఆయనది. చేతికి ఎముక లేని మనిషి, నవ్వితే వీధి చివరికి వినబడేది. నాకు పిత్తాశయంలో రాళ్లు వచ్చి ఆపరేషను జరిగితే రెండు రోజులు ఆస్పత్రి కుర్చీలో కూర్చున్నాడు. ఈ సంగతి ముందే చెబుతున్నాను. తర్వాత జరిగింది చదివి ఆయన్ను రాక్షసుడు అనుకోకండి.

చేరిన కొత్తలో వాళ్ల బంధువుల పెళ్లికి తీసుకుపోయాను. బండ్లు ఆపే చోట నిలబడి ఉన్నాను. ఉన్నట్టుండి తుపాకులు పేలాయి. ఒకటి కాదు, పది. నేను బండి కిందికి దూరాను. వంటవాళ్లు యెమెనీలు, నన్ను కాళ్లు పట్టి లాగి కడుపుబ్బ నవ్వారు. అదేమీ గొడవ కాదట, సంబరమట. పెళ్లికొడుకు వస్తుంటే ఆకాశంలోకి కాలుస్తారట. అప్పుడే అబూ సాలెం కూడా గబగబా బండి దగ్గరికి వచ్చి, డ్యాష్‌బోర్డు తెరిచి, పసుపు గుడ్డలో చుట్టిన పిస్తోలు తీశాడు. మూడు సార్లు గాలిలోకి కాల్చి, మళ్లీ అదే గుడ్డలో చుట్టి అక్కడే పెట్టాడు.

కంటితో దాన్ని చూసింది ఆ ఒక్కసారే. కానీ చెవితో ప్రతిరోజూ చూశాను. కొండ మీది నుంచి జిజాన్ వైపు దిగే ఘాట్ రోడ్డులో మలుపు తిరిగినప్పుడల్లా డ్యాష్‌బోర్డు లోపల ఏదో దొర్లి, గోడకు తగిలి, ఠక్కుమనేది. బండి మారింది, రెండు సార్లు మారింది. పాత బండి లోంచి కొత్త బండిలోకి దాన్ని ఆయనే మార్చుకున్నాడు. చప్పుడు మాత్రం మారలేదు. తఫ్తీష్ దగ్గర, అంటే పోలీసులు బండ్లు ఆపి చూసే చోట, అబూ సాలెం కిటికీ దించి సలాం చెప్పేవాడు. వాళ్లూ సలాం చెప్పి పంపేసేవాళ్లు. ఆ చప్పుడు నాకు ఇంజను చప్పుడంత మామూలైపోయింది.

ఆకాశంలోకి పేల్చింది

అబూ సాలెం తల్లిని వారానికి రెండు సార్లు ఆస్పత్రికి తీసుకుపోయేవాణ్ని. అక్కడ నర్సు మార్తమ్మ సిస్టరు. నరసాపురం దగ్గరి ఊరు. తెలుగు వినబడితే చాలు, ఆవిడకు ప్రాణం లేచొచ్చేది. ఒకరోజు ఆవిడ మొహం పాలిపోయి ఉంది. ఏమైందని అడిగాను.

"పెళ్లిలో భోజనాలు వడ్డించే యెమెనీ ఆయన్ని తీసుకొచ్చారు ఖాదర్ గారూ. భుజంలో గుండు దిగింది. ఎవరు కాల్చారంటే, ఎవరూ కాదంటండీ. ఆకాశంలోకి కాల్చారంట. ఆకాశంలోకి పేల్చింది ఆకాశంలోనే ఉండిపోద్దాండీ?"

నేను బండి కింద దూరినప్పుడు నవ్విన యెమెనీ వంటవాళ్లే కళ్ల ముందు కనబడ్డారు. ఇంటికి వచ్చి అబూ సాలెంతో చెబితే, ఆయన నిజంగానే బాధపడ్డాడు. "పిల్లలు చూసి కాల్చరు" అన్నాడు. తను కాల్చడం ఆయనకు లెక్కలోకి రాలేదు. మనకు మనం ఎప్పుడూ లెక్కలోకి రాము.

చట్టం మారిన సంగతి

తర్వాత కొన్నేళ్లకు రూళ్లు గట్టిపడ్డాయి. నేను చట్టాలు చదివినవాణ్ని కాను, తర్వాత పోలీసు స్టేషనులో విన్నదీ, మజ్లిస్‌లో విన్నదీ నాకు అర్థమైనంత చెబుతాను. పెళ్లిళ్లలో కాల్చడం మీద శిక్షలు పెరిగాయి. కాగితం లేని తుపాకులు అప్పగించమన్నారు. అన్నిటికన్నా ముఖ్యమైనది మూడోది. లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో తుపాకీ ఆయన దగ్గరే ఉండాలి. ఆయన లేకుండా బండిలో దొరికితే, బండి నడిపేవాణ్నే ముందు అడుగుతారు.

ఫోన్లకు అరబీలో మెసేజులు వచ్చాయి. నాకు అరబీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మజ్లిస్‌లో నేను గావా పోస్తుంటే, అంటే యాలకులు వేసిన వాళ్ల కాఫీ, పెద్దమనుషులు దీని మీదే వాదించుకున్నారు. మా తాతల నాటి నుంచి ఉన్నది అని ఒకరు, మంచి పనే చేశారు అని ఒకరు. అబూ సాలెం చేయి ఊపి, "అది తుంటరివాళ్ల కోసం పెట్టిన చట్టం. లైసెన్సు ఉన్న నాకెందుకు?" అన్నాడు.

పెళ్లిళ్లు నిజంగానే నిశ్శబ్దమైపోయాయి. నేను ఎంత సంతోషించానో చెప్పలేను. మార్తమ్మ సిస్టరుకు కూడా చెప్పాను. ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. ఊరంతా తుపాకులు మాయమయ్యాయని సంబరపడ్డవాణ్ని, రోజూ నా మోకాలికి మూరెడు దూరంలో దొర్లుతున్నది తుపాకీయేనని ఒక్కసారి అనుకోలేదు. అది నాకు తుపాకీ కాదు, కఫీల్ సామాను. ఈ రెండూ ఒకటి కాగలవని నా తలకు తట్టనే లేదు.

బాషా

నాకు మోకాళ్లు అరిగాయి. ఘాట్ రోడ్డులో బ్రేకు తొక్కితే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇంక ఇంటికి పోతానంటే అబూ సాలెం ఒక షరతు పెట్టాడు. నీలాంటి మనిషిని నువ్వే తెచ్చిపెట్టు, అతను కుదురుకున్నాక నీ ఖురూజ్ కొట్టిస్తాను అన్నాడు. ఖురూజ్ అంటే చివరిసారి దేశం దాటే కాగితం. ఇంటి డ్రైవరుకు అది కఫీల్ చేతిలోనే ఉంటుంది.

నేను తెచ్చింది మహబూబ్ బాషాను. మా వీధివాడే, ముప్పై ఎనిమిదేళ్లు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. మదనపల్లె నుంచి చెన్నైకి టమోటా లారీ పదిహేనేళ్లు తోలాడు. స్టీరింగు పట్టుకుంటే బండి గుర్రప్పిల్లలా మాట వినేది. నన్ను చిచ్చా, అంటే చిన్నాన్న, అని పిలిచేవాడు. పక్కన కూర్చోబెట్టుకుని రెండు వారాలు దారులన్నీ చూపించాను.

మూడో రోజే ఘాట్ దిగుతుంటే అడిగాడు.

"చిచ్చా, మలుపు తిరిగితే ఈడ లోపల ఏందో దొర్లుతాండాది. తీసి చూద్దునా?"

"నీకెందుకప్పా అది? సేటు సామాను. ముట్టుకోవాకు. ఇన్నేండ్లు నేనే ముట్టుకోలా."

"గట్టిగా కొట్టుకుంటాంది చిచ్చా. పానా గీనా అయితే అద్దం పగులుతాదేమో."

"సెప్తే ఇనుకో బాషా. ఆ డబ్బా జోలికి పోవాకు. ఎవరు సెప్పినా తీయాకు."

"సరే చిచ్చా. నువ్వు సెప్తే అంతే."

ఎవరు చెప్పినా తీయొద్దు. ఆ మాట నేనే అన్నాను. ఉనైజా పెద్దాయన బండి చుట్టూ నన్ను నడిపించిన కథ కూడా చెప్పాను, రాగం తీసి మరీ చెప్పాను. అతను చెవులు రిక్కించి విన్నాడు.

ఫోను

ఒకరోజు అబూ సాలెం వదినను తీసుకురమ్మని బాషాను ఒంటరిగా జిజాన్ పంపాడు. పొద్దున తొమ్మిదికి బయలుదేరాడు. పదకొండు అవుతుండగా నా ఫోను మోగింది. నేను ఇంటి వెనక గదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాను.

"చిచ్చా, బండి ఆపినారు. ఆ డబ్బా తీయమన్నారు. నేను తీయనన్నా. సేటుది, నాకు పర్మిషను లేదన్నా. రెండు తూర్లు అడిగినారు, రెండు తూర్లూ తీయనన్నా. వాళ్లే తీసినారు." ఊపిరి అందడం లేదు అతనికి. "లోపల తుపాకి ఉండాది చిచ్చా! నిజం తుపాకి! గుండ్లు కూడా ఉండాయంట. చేతులు ఎనక్కి కట్టినారు, ఒకాయన ఫోను పట్టుకుంటే మాట్లాడతాండా. నువ్వు వచ్చి సెప్పు చిచ్చా, నాకు తెలీదని. నువ్వు సెప్తే ఇంటారు."

ఫోను కట్టయింది. కత్తి చేతిలోనే ఉంది. తఫ్తీష్ దగ్గర పోలీసులు తెరవమంటే తెరవను అన్నాడా! వాడికి ఆ ధైర్యం ఎక్కడిది? నేను ఇచ్చిందే.

మజ్లిస్‌లో

పరిగెత్తుకుంటూ మజ్లిస్‌లోకి పోయాను. అబూ సాలెం, ఆయన పెద్దకొడుకు సాలెం కూర్చుని ఉన్నారు. వాళ్లకు అప్పటికే ఫోను వచ్చింది. నేను చెప్పాల్సింది ఒకటే వాక్యం, చెప్పాను. "బాబా, ఆ పిస్తోలు మీదని, మీరే పెట్టారని ఒక్క మాట చెబితే అతన్ని వదిలేస్తారు."

అబూ సాలెం గావా గిన్నె వైపు చూస్తున్నాడు. కొడుకు అందుకున్నాడు.

"అది మా నాన్న గదిలో ఉండేది. నీ మనిషే తీసి ఉంటాడు."

విన్నది నిజమేనా అని నాకు అనుమానం వచ్చింది. అబూ సాలెం వైపు చూశాను. పదిహేడేళ్లు ఆయన పక్క సీటులో బతికాను. ఆయన ఎప్పుడు దగ్గుతాడో, ఎప్పుడు నవ్వుతాడో నాకు తెలుసు. కొడుకును గదమాయిస్తాడని ఎదురుచూశాను. ఆయన తలెత్తలేదు. గిన్నెలో గావా పోసి నా వైపు జరిపాడు.

"యా ఖాదర్, నీ ఖురూజ్ వచ్చే వారం అయిపోతుంది. పిల్లల దగ్గరికి పో. దీనితో నీకేం పని?"

చాలా మెల్లగా, ప్రేమగానే అన్నాడు. అరిచినా నాకు అంత దిమ్మ తిరిగేది కాదు. ఆస్పత్రి కుర్చీలో నా కోసం కూర్చున్న మనిషి, లైసెన్సు పోతుందనే భయానికి, ఒక టమోటా లారీ డ్రైవరును ఆయుధాల దొంగను చేయడానికి సిద్ధపడ్డాడు. మంచివాళ్లు ఇట్లా చేయరని నేను అనుకునేవాణ్ని. చేస్తారు. భయం మీదపడితే మంచివాడు కూడా పక్కవాణ్ని ముందుకు తోస్తాడు. కొత్తగా పోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. కఫీల్ మంచివాడు అయినంత మాత్రాన మీ మెడ భద్రంగా ఉన్నట్టు కాదు.

ఆ గావా నేను తాగలేదని చెప్పుకోవాలని ఉంది. తాగాను.

స్టేషనులో

మూడో రోజు స్టేషనుకు పోయాను. మూడు రోజులు ఎందుకు పట్టిందని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనే అడుగుతుంటాను. వచ్చే వారం అన్న మాట ఆ మూడు రోజులూ చెవిలో ఉంది. రాయచోటిలో నా మనవడు తొలి అడుగులు వేస్తున్నాడని మా ఇంటావిడ వీడియో పంపింది. అది చూస్తూ కూర్చున్నాను. అంతకన్నా దాచడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

కూరగాయల పికప్ తోలే పాకిస్తానీ ఒకాయన ఘాట్ కింది దాకా దించాడు. స్టేషనులో ఆఫీసరు నా కన్నా చిన్నవాడు, మర్యాదస్తుడు. కూర్చోబెట్టి నీళ్లు ఇచ్చాడు. పిస్తోలు నా కఫీల్‌ది అని మొదలుపెట్టాను. చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఆ సంగతి మాకు తెలుసు. దాని మీద నంబరు ఉంది. లైసెన్సు ఎవరిదో కంప్యూటరు చెప్పింది. నాకు కావలసింది వేరు. గదిలోంచి దొంగిలించాడని వాళ్లు అంటున్నారు. తనకేమీ తెలియదని డ్రైవరు అంటున్నాడు. తెలియనివాడు తెరవమంటే ఎందుకు తెరవడు? రెండు సార్లు అడిగినా తెరవలేదు. అతనికి తెలియదని చెప్పడానికి నీ దగ్గర ఏముంది?"

అప్పుడు అర్థమైంది, నా దగ్గర ఉన్నది ఒకటే. బాషాకు తెలియదని చెప్పాలంటే నాకు తెలుసని చెప్పాలి. వేరే దారి లేదు.

చెప్పాను. ఆ పిస్తోలు గదిలో కాదు, ఏళ్ల తరబడి బండిలోనే ఉంది. పసుపు గుడ్డలో చుట్టి ఉంటుంది. ఒక పెళ్లిలో కళ్లారా చూశాను. మలుపు తిరిగితే చప్పుడవుతుంది. బాషా ఆ చప్పుడు విని తీసి చూస్తానన్నాడు. నేనే వద్దన్నాను. ఎవరు చెప్పినా తీయొద్దని నేనే చెప్పాను.

ఆఫీసరు రాయడం ఆపాడు. లోపలికి పోయి ఒక సంచి తెచ్చి చూసుకున్నాడు. అంచులు నల్లబడిన పసుపు గుడ్డ.

"నీకు తెలుసు. అతను అడిగాడు. మరి ఎందుకు చెప్పలేదు?"

"మా పద్ధతి సార్. కఫీల్ సామాను గురించి మాట్లాడము."

ఆఫీసరు నా ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, తీసుకుని సొరుగులో పెట్టుకున్నాడు. కేసు తేలేదాకా దేశం దాటకూడదన్నాడు. ఖురూజ్ కాగితం అట్లా ఆగిపోయింది. బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను. భయం వేసింది, అబద్ధం చెప్పను. కానీ మూడు రోజుల తర్వాత ఆకలి అనిపించింది.

తెరిచి చూపించు

అబూ సాలెంను పిలిచారు. ఆయన లైసెన్సు తీసేసుకున్నారని, ఆయన మీద కేసు నడిచిందని విన్నాను. ఎట్లా ముగిసిందో నాకు తెలియదు, నేను మళ్లీ ఆ గడప తొక్కలేదు. బాషాను పద్దెనిమిదో రోజున వదిలారు.

స్నేహితుడి పాత కారు అడుక్కుని నేనే పోయాను. గేటు బయట ఎండలో నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది, చొక్కా వదులైంది. నన్ను చూసి సలాం చెప్పాడు. తలుపు తీశాను. ఎక్కలేదు.

"ముందు అది తియ్ చిచ్చా."

డ్యాష్‌బోర్డు తెరిచాను. టిష్యూ డబ్బా, బండి కాగితాలు, సగం తిన్న ఖర్జూరం పొట్లం. బాషా వంగి అన్నీ చూశాడు. పొట్లం పక్కకు జరిపి దాని కింద కూడా చూశాడు. తర్వాతే కూర్చున్నాడు. పదిహేనేళ్లు లారీ తోలిన మనిషి, బండి అంటే ప్రాణమిచ్చే మనిషి, బండి ఎక్కడానికి భయపడటం చూడలేకపోయాను.

ఘాట్ ఎక్కాము. మొదటి మలుపు తిరిగాక, డ్యాష్‌బోర్డు వైపే చూస్తూ అన్నాడు.

"నీకు తెలిసి కూడా సెప్పలేదని ఆఫీసరు సెప్పినాడు చిచ్చా. నేను నమ్మలా. మా చిచ్చా అట్లాంటోడు కాదంటిని. నిజమేనా?"

"నిజమే బాషా."

"ఎందుకు సెప్పలా?"

పద్ధతి అని ఆఫీసరుకు చెప్పాను. ఆ మాటే నోటిదాకా వచ్చింది. కానీ పక్కన కూర్చున్నది బాషా.

"తుపాకి అని సెప్తే నువ్వు భయపడి ఎలబారిపోతావనుకుంటి. నువ్వు పోతే నా ఖురూజ్ ఆగిపోతాది. అందుకే సెప్పలా."

ఇది అప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోని మాట. నోట్లోంచి వచ్చాక నేనే అదిరిపోయాను. ఇరవై ఆరేళ్ల మర్యాద, అమానత్, నిజాయితీ, ఉనైజా పెద్దాయన కథ, అన్నిటి అడుగున ఉన్నది ఇదే. ఇంటికి పోవాలన్న తొందర. దానికి పద్ధతి అనే పసుపు గుడ్డ చుట్టి పెట్టాను.

బాషా తిట్టలేదు. "నీళ్లుంటే ఇయ్యి" అన్నాడు. తాగి, సీసా మూత పెట్టి, కళ్లు మూసుకున్నాడు. మిగిలిన మలుపులన్నీ నేను మెల్లగా తిప్పాను. లోపల ఏమీ దొర్లలేదు.

ఇంకా చెప్పాల్సింది

బాషా ముందు ఇంటికి చేరాడు. నేను నా సాక్ష్యం పని ముగిశాక, పోలీసులే ఖురూజ్ ఇప్పిస్తే, నాలుగు నెలల తర్వాత చేరాను. అతను మళ్లీ మదనపల్లె టమోటా లారీయే తోలుతున్నాడు. మా వీధి చివరే ఇల్లు. ఎదురుపడితే సలాం చెబుతాడు, ఆగడు. పండగకు వాళ్ల ఇంట్లో వండిన బిర్యానీ చిన్న కూతురితో పంపిస్తాడు, తను రాడు.

సౌదీ పోయేవాళ్లకు నేను చెప్పే మాట మళ్లీ చెబుతాను. రూళ్లు మారుతుంటాయి, మనకు చదవడం రాని భాషలో మారుతుంటాయి. బండిలో దొరికిన ప్రతిదానికీ ముందు జవాబు చెప్పేది స్టీరింగు పట్టుకున్నవాడే. దొరికినవాడే దొంగ అని ఊరికే అనలేదు. కాబట్టి మొదటి రోజే తెరవండి. పోలీసు తెరవమంటే తెరవండి. మీ తర్వాత వచ్చినవాడు లోపల ఏముందని అడిగితే, మీకు తెలిసింది తెలిసినట్టు చెప్పండి. మర్యాదస్తుడు అనిపించుకోవడం కోసం ఇంకొకడి బతుకు పణంగా పెట్టే హక్కు మనకు లేదు.

పోయిన వారం కూడా ఒకాయన వచ్చాడు. సుండుపల్లె మనిషి, జిజాన్‌లో ఏదో ఇంట్లో డ్రైవరు పని కుదిరిందట. చాయ్ తాగుతూ, "నాలుగు మాటలు సెప్పు భాయ్" అన్నాడు. నా దగ్గరికి పొమ్మని ఎవరు చెప్పారని అడిగాను.

"లారీ బాషా సెప్పినాడు భాయ్. సౌదీ పోతాండానంటే, ముందు ఖాదర్ చిచ్చా కాడికి పోయి, ఆయన చేసిన తప్పేందో ఆయన నోటితోనే ఇనిరా, ఆ తర్వాతనే ఇమానం ఎక్కు అన్నాడు."

ఇన్నాళ్లుగా మా చాప మీద కూర్చుని పోయినవాళ్ల మొహాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. వాళ్లలో ఎందరిని బాషా పంపాడో నేను ఎప్పుడూ అడగలేదు. సుండుపల్లె ఆయనకు ఇంకో చాయ్ పోసి, మొదటి నుంచి మొత్తం చెప్పాను, మూడు రోజుల సంగతితో సహా.